గేటు బయట చదివిన ఉత్తర్వు

మా ప్రాంతంలో గృహహింస కేసులు చూసిన రక్షణాధికారి మొన్న మంగళవారం గుండెపోటుతో చనిపోయారు. నాకు ఫోన్ చేసి చెప్పింది రహమత్ నగర్‌లో సినిమా దుస్తులు కుట్టే ఒకామె. శాఖ నుంచి ప్రకటన ఏదీ రాలేదు. అడిగితే, రిటైరైన వాళ్లకు ఇచ్చే పద్ధతి లేదన్నారు.

చట్టం అమల్లోకి వచ్చిన కొత్తలో, చేస్తున్న ఉద్యోగానికి అదనంగా ఆ అధికారిణికి ఈ పని అప్పగించారు. జీపు లేదు, గది లేదు. పింఛన్ల విభాగంలో ఓ మూల బల్ల వేశారు. భార్యను ఇంట్లో ఉండనివ్వాలని కోర్టు ఉత్తర్వు ఇస్తే, దాన్ని ఆ ఇంటికి తీసుకెళ్లి అమలయ్యేలా చూడాలి. సిటీ బస్సులో వెళ్లేవారు. విలేకరిగా నేనూ కొన్నిసార్లు వెంట వెళ్లాను.

ఉత్తర్వులు ఇంగ్లీషులో ఉండేవి. భర్తలు తమకు చదవడం రాదని చెప్పి, మడిచి జేబులో పెట్టుకునేవారు. అందుకని ఆమె ముందురోజే దాన్ని తెల్లకాగితం మీద తెలుగులో రాసుకునేవారు. భార్య సరేనంటేనే, గుమ్మం ముందు నిలబడి గట్టిగా చదివేవారు. ఇరుగుపొరుగు బయటికి వచ్చి వినేవారు. రహమత్ నగర్‌లో ఇలా చదువుతుంటే, సినిమా ఫైటర్ అయిన భర్త ఒకడు అడ్డం వచ్చాడు.

“ఇంట్ల ముచ్చట గల్లీల జెప్తవా?”

ఆమె కాగితం మీది నుంచి తలెత్తలేదు. “నువ్వు కొట్టినప్పుడు గల్లీ అంత ఇన్నది గదా బిడ్డా. గిది గూడ ఇననీ.”

ఎదురింటి ముసలామె పకపకా నవ్వింది. వాడు పక్కకు జరిగాడు. భార్య లోపలికి పోయి స్టవ్ వెలిగించింది. నాకు ఫోన్ చేసింది ఆమే.

మాదాపూర్‌లో అద్దాల భవనాలు లేస్తున్న ఆ ఏళ్లలోనే జూబ్లీహిల్స్ నుంచి ఒక కేసు వచ్చింది. భర్తది సాఫ్ట్‌వేర్ కంపెనీ. భార్య చేయి విరగ్గొట్టి, కట్టుబట్టలతో బయటికి పంపాడు. మేడ మీది గది ఆమెకు ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఆమెను వెంటబెట్టుకుని రక్షణాధికారి మూడుసార్లు వెళ్లారు. మూడుసార్లూ గేటు ముందు నిలబడి చదివారు. చుట్టూ ఎత్తైన గోడలే. ఒక్క కిటికీ తెరుచుకోలేదు. తోడొచ్చిన కానిస్టేబుల్ ఏదో ఫోన్ రాగానే వెళ్లిపోయాడు. మొదటిరోజే కాగితం అందుకుని సంతకం పెట్టిన వాచ్‌మన్, మూడోసారి గేటు సందులోంచి మాట్లాడాడు.

“మీరు సదివింది నాకు సమజైందమ్మా. గేటు తీస్తే నా నౌకరి పోతది.”

రక్షణాధికారి కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. బస్టాపుకు నడుస్తూ నాతో అన్నారు: “బస్తీల గోడలు పల్చగుంటయి. గీడ నేనెవరికి సదువాలె?”

నెలాఖరు నివేదికలో రెండే గడులు: అమలైంది, అమలు కాలేదు. రెండో గడి ఖాళీగా ఉండాలని పైనుంచి ఒత్తిడి. వాచ్‌మన్ సంతకం ఉంది కాబట్టి అమలైనట్టే రాయమన్నారు. ఆమె స్కేలు పెట్టి మూడో గడి గీశారు. “ఆర్డరు ఇంట్ల ఉంది, మనిషి బయట ఉంది” అని రాశారు. ఫారం పాడుచేసినందుకు మెమో వచ్చింది. ఆ నివేదిక కొత్త ఫారం మీద మళ్లీ తయారైంది. మూడో గడి లేదు. ఆ కేసు మొదటి గడిలో ఉంది. ఆ ఏడాది మన అమలు బాగుందని సమీక్షలో మెచ్చుకున్నారు. ఆ మాట నేను నోట్ చేసుకున్నాను.

యూసుఫ్‌గూడలో అంత్యక్రియలకు బస్తీల నుంచి ఆడవాళ్లు చాలామంది వచ్చారు. శాఖ నుంచి ఒక అటెండర్ వచ్చాడు. జూబ్లీహిల్స్ ఆమె కూడా వచ్చింది. వెంగళరావు నగర్ హాస్టల్లో నలుగురుండే గదిలో ఉంటోంది. ఆ ఇంట్లో మళ్లీ అడుగుపెట్టలేదు.

“ఆ ఆర్డర్‌ని ఇంతవరకూ ఎవరూ కొట్టెయ్యలేదండీ. ఇప్పటికీ ఆ గది నాదే” అంది.

శవాన్ని తీసుకెళ్లాక రోడ్డు మీదికి వచ్చి షేర్ ఆటో ఆపింది. వెనక సీట్లో అప్పటికే ముగ్గురున్నారు. ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టి, కొంచెం జరుగుతారా అని పక్కామెను అడుగుతోంది. ఆటో కదిలింది.