నాతో నీట్ రాసిన బాటనీ సార్

మా బాటనీ సార్ పోయారని పాత కాలేజీ గ్రూపులో చదివినప్పుడు నేను మెడికల్ కాలేజీ మెస్‌లో ఇడ్లీ తింటున్నాను. పక్కనున్న అమ్మాయి ఎవరని అడిగింది. "నాతో కలిసి నీట్ రాసిన మనిషి" అన్నాను. "అయ్యో, ఇంత చిన్న వయసులోనా!" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయనకు అరవై దాటాయని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మాది భద్రాచలం దాటాక అడవి అంచు ఊరు. ఇంటర్ తర్వాత నీట్‌లో నాకు సీటు రాకపోతే, నాన్న భద్రాచలంలో డిగ్రీలో చేర్పించి "అదీ చదువు, ఇదీ చదువు" అన్నాడు. చెప్పినంత తేలికా! రికార్డులు, ఇంటర్నల్స్‌కే టైమంతా సరిపోయేది. అందుకని బాటనీ క్లాసులో రికార్డు కింద ఫిజిక్స్ పుస్తకం పెట్టుకునేదాన్ని.

ఒకరోజు సార్ వచ్చి పుస్తకం పైకి తీశారు. ఆ పేజీలో తాడు, బరువు, గిలక బొమ్మ.

"ఈ గిలక ఏ కుటుంబం మొక్కనే బిడ్డా?"

క్లాసంతా నవ్వింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు ఆయనే పుస్తకం తిరిగిచ్చి, "రాత్రంత కూసున్నా ఒక్క లెక్క గూడ రాలే. నా క్లాసుల సగం మంది తల వంచుకొని దీంతోనే కొట్లాడుతున్నరా?" అన్నారు. నీట్‌కు వయసు పరిమితి లేదని ఎవరో చెప్పగానే తనూ దరఖాస్తు పెట్టేశారు. స్టాఫ్‌రూమ్ అంతా హాస్యమనుకున్నారు.

ఆ రోజు నుంచి సాయంత్రాలు బాటనీ ల్యాబ్‌లో మా ఇద్దరి కోచింగ్. ఆయన నాకు బాటనీ, నేను ఆయనకు ఫిజిక్స్. రికార్డు పూర్తి చేస్తేనే కూర్చోనిచ్చేవారు. నేను లెక్క చెబుతుంటే, "ఆ బరువును అంతగనం గుంజుడెందుకు? కింద పెడితే అయిపాయె గదా" అని బాధపడేవారు. మాక్ టెస్టు పాడై నేను ముక్కు చీదుతుంటే, "ముందు తిను, తర్వాత చదువు, ఇంకా టైముంటే ఏడువు" అనేవారు. తిని చదివేసరికి ఏడవడానికి టైము మిగిలేది కాదు.

సెమిస్టర్ పరీక్షలు, నీట్ దగ్గరదగ్గరగా వచ్చిపడ్డాయి. ఇక నా వల్ల కాక, "డిగ్రీ మానేస్తా సార్" అన్నాను.

"మానెయ్. నేను గూడ నౌకరీ మానేస్త. ఇద్దరం జమాయించి నీటే చదువుదాం. గా ముచ్చట మా ఇంటామెకు నువ్వే చెప్పు."

ఆయన భార్య కోపం కాలేజీ అంతటికీ తెలుసు. నేను డిగ్రీ మానలేదు.

నీట్ పరీక్ష ఖమ్మంలో. ఎప్పుడూ బూట్లతో తప్ప కనిపించని మనిషి, రూలు ప్రకారం స్లిప్పర్లేసుకుని వచ్చారు. గేటు దగ్గర పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పెద్దాయన, పేరెంట్స్ బయటనే ఉండాలె."

"నేనే క్యాండిడేట్‌ను." హాల్‌టికెట్ చూపించారు.

పోలీసు ఫొటోను, మనిషిని మార్చి మార్చి చూశాడు. "మనవరాలితో మీరు గూడ రాస్తరా సారూ?"

"అవ్. సీటొస్తే మొదటి సూది నీకే."

పొద్దుటి నుంచి భయపడుతున్న నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే లోపలికి వెళ్లాను. ఆ నవ్వు లేకపోతే మొదటి పేజీలోనే ఆగిపోయేదాన్ని.

బయటికొచ్చేసరికి ఆయన మొహం ఎర్రబడి ఉంది. "బాటనీల ఒక ప్రశ్నకు రెండు జవాబులు కరెక్టే! దానితోనే టైమంత పోయింది!" నాకు సీటొచ్చింది. తప్పులకు మార్కులు కోసేసరికి ఆయనకు ఫిజిక్స్‌లో సున్నా కన్నా తక్కువ వచ్చాయి. ఆ మార్కులను ఆయనే డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డుకు అంటించి, "గిట్ల వచ్చినా మనిషి బతికే ఉంటడు, చూసుకోండ్రి" అని పిల్లలకు చెప్పారట.

పోయిన సెలవుల్లో ఆ కాలేజీకి వెళ్లాను. సార్ అప్పటికే రిటైరయ్యారు. ముందు ఇంటికెళ్తే లేరు, అందుకే వెతుక్కుంటూ అక్కడికి వెళ్లాను. ఫిజిక్స్ క్లాసులో, చివరి బెంచీలో, పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. కిటికీలోంచి నన్ను చూసి, ఆగమన్నట్టు ఎడమ చెయ్యి ఊపారు. కుడి చెయ్యి మాత్రం దించలేదు. అది డౌటు కోసం పైకి లేచి ఉంది. ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకున్న ఫిజిక్స్ లెక్చరర్, ఆ చెయ్యి కనబడనట్టు బోర్డు వైపు తిరిగి, చాలాసేపు తుడుస్తూనే ఉన్నాడు.