లైవ్ సీడీలో పడ్డ నాలుగు అక్షరాలు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా అమ్మ జబ్బకు తాయెత్తు కట్టి పంపిస్తే, వీధి మలుపు తిరగకముందే విప్పి జేబులో వేసుకునే రకాన్ని. చీరాలలో పదహారేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. "దానంతటదే ఆన్ అవుతోంది మస్తాన్ గారూ, ఇంట్లో వాళ్లు భయపడుతున్నారు" అంటూ వచ్చినవాళ్లకు పెట్టె విప్పి, లోపల కాపురముంటున్న బల్లిని తీసి చూపించాను. కాబట్టి ఇది చదివి నవ్వేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఇంకొకరు చెబితే నేనూ నవ్వేవాడినే.

మార్చి నెల, శుక్రవారం. పొద్దున పది గంటలకు కృపమ్మ గారు ఆటో దిగారు. పాత చీరలో మూటగట్టిన సీపీయూను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని పర్చూరు వైపు నుంచి వచ్చారు. ఆవిడ మా దేవదానం మాస్టారి భార్య. హైస్కూల్లో నాకు తెలుగు చెప్పింది ఆయనే. మూడు నెలల క్రితం గుండెపోటుతో పోయారు. ఆయన మాస్టారే కానీ ఆవిడకు చదువు రాదు. జీవితమంతా పత్తి తీయడం, మిరపకాయలు కోయడం.

ఆవిడ చెప్పిన సంగతి ఇది. వాళ్ల పేట పక్కన సమాధుల దొడ్డి ఉంది. సిమెంటు సమాధులు పదో పదిహేనో ఉంటాయి, మిగిలినవన్నీ మట్టి దిబ్బలే. వానలకు అవి కూడా నేలమట్టమయ్యాయి. రోడ్డు వెడల్పు చేయడానికి దొడ్డిలో పడమటి వైపు స్థలం పోతోంది. మంగళవారం పొక్లెయిన్ వస్తుంది. ఎవరి వాళ్లను వాళ్లు ఆలోపు తీసి ఇవతలికి మార్చుకోవాలి.

కృపమ్మ గారి మొదటి బిడ్డ ఆ పడమటి వైపే ఉంది. పుట్టిన తొమ్మిదో రోజున పోయింది. నలభై ఏళ్ల నాటి మాట. ఆవిడ బాలింతగా ఇంట్లో ఉన్నారు కాబట్టి ఎక్కడ పూడ్చారో చూడలేదు. మాస్టారు రిటైరయ్యాక, గోతులు తవ్వే ఏసోబు తాతను వెంటబెట్టుకుని దొడ్డంతా తిరిగి, ఎవరు ఎక్కడున్నారో అడుగులతో కొలిచి కంప్యూటర్లో ఎక్కించారు. తర్వాత ఏసోబు తాత పోయాడు. ఇప్పుడు మాస్టారూ పోయారు. ఆ లిస్టు ఒక్క ఆ పెట్టెలోనే ఉంది. మొత్తం పూర్తయ్యాకే ప్రింటు తీద్దామనుకున్నారట.

"ఆన్ చేస్తే టిక్కుటిక్కుమంటంది నాయనా, బొమ్మ రాట్లేదు" అన్నారు.

పెట్టి చూశాను. హార్డ్ డిస్కు చచ్చిపోయే ముందు చేసే చప్పుడు అది. ఇక్కడ మా అందరి సంగతీ ఒప్పుకోవాలి. చీరాల నుంచి ఒంగోలు దాకా రిపేరు షాపుల్లో ఏ జబ్బుకైనా ఒకటే మందు: ఫార్మాట్ కొట్టడం. కస్టమర్లు కూడా రాగానే "ఫార్మాట్ కొట్టేయండి" అనే అడుగుతారు. నా నోటి దాకా అదే మాట వచ్చింది. ఆవిడ ముఖం చూసి మింగేశాను.

ఒంగోలులో కాలేజీ ల్యాబులో పనిచేసే మా శ్రీనుగాడికి ఫోన్ చేశాను. వాడు లినక్స్ మనిషి. "దాన్నుంచి విండోస్ ఆన్ చేయమాకరా, చచ్చిపోద్ది. లైవ్ సీడీ పెట్టు" అన్నాడు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. లైవ్ సీడీ అంటే కంప్యూటర్లో ఏమీ ఎక్కించకుండా, సీడీ నుంచే నేరుగా నడిచే లినక్స్. హార్డ్ డిస్కు జోలికి తనంతట తాను పోదు. మనం చేసినదంతా తాత్కాలిక మెమరీలో ఉంటుంది, ఆపేస్తే తుడిచిపెట్టుకుపోతుంది. సీడీ మీద రాయడం ఎవరి తరమూ కాదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఎప్పుడో ఒక పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీ నా దగ్గర ఉంది. ఇన్నేళ్లూ టీ గ్లాసు కింద పెట్టుకున్నాను. చొక్కాతో తుడిచి డ్రైవులో పెట్టాను. ఎఫ్ పన్నెండు నొక్కి సీడీ నుంచి మొదలుపెట్టమన్నాను. ఇన్‌స్టాల్ చేయాలా, ఊరికే వాడి చూస్తావా అని రెండు దారులు చూపించింది. శ్రీను ఫోన్లో అరుస్తూనే ఉన్నాడు, ఊరికే వాడి చూస్తానన్నదే నొక్కమని. నొక్కాను. రెండు నిమిషాలకు తెర వెలిగింది. పదహారేళ్ల అనుభవం ఉన్నవాడిని, కొత్తగా సైకిల్ నేర్చుకున్నవాడిలా సంబరపడ్డాను.

కానీ మాస్టారి ఫోల్డర్లు తెరుచుకోలేదు. అప్పుడు శ్రీను, ఉన్నది ఉన్నట్టు మొత్తం డిస్కును ఒక కొత్త డిస్కులోకి దించేయమన్నాడు. టెర్మినల్ అని నల్ల కిటికీ ఒకటి ఉంటుంది, అందులో ఒక వరుస కొట్టాలి: ఏ డిస్కు నుంచి, ఏ డిస్కులోకి. లినక్స్ డిస్కులకు ఎ, బి అని పేర్లు పెడుతుంది. చూశాం. ఎ అంటే మాస్టారిది, బి అంటే నేను తగిలించిన ఐదొందల జీబీ ఖాళీది. అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి ఎదురుగా పెట్టుకున్నాను. "ఇక నేను చేసుకుంటాలేరా" అని ఫోన్ పెట్టేశాను. నా తెలివి మీద నాకు అంత నమ్మకం.

అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ వేయించాలని ఏడాదిగా అనుకుంటూనే ఉన్నాను. పావుగంటకు కరెంటు వచ్చింది. మళ్లీ సీడీ నుంచి ఆన్ చేసి నల్ల కిటికీ తెరిచాను. డిస్కుల పేర్లు మరోసారి తెప్పించాను కానీ వాటి వంక చూడలేదు. అట్టముక్క ఉందిగా.

కొట్టబోయేసరికి అక్కడ అప్పటికే ఏదో ఉంది. ఇంగ్లీషు అక్షరాలు నాలుగు. కె, ఇ, ఓ, జి.

లినక్స్‌లో చాలా ప్రోగ్రాముల పేర్లు కె తోనే మొదలవుతాయని ఎక్కడో చదివాను. ఇదీ అలాంటిదేదో అనుకుని చెరిపేసి, నా వరుస కొట్టి ఎంటర్ నొక్కాను. 'కియోగ్' అనే ఆదేశం లేదు అని వచ్చింది. చూస్తే నా వరుసకు ముందు ఆ నాలుగు అక్షరాలూ మళ్లీ ఉన్నాయి. అవి ముందుండడం వల్ల నేను కొట్టింది పారలేదు.

కీబోర్డులో మీటలు ఇరుక్కున్నాయనుకున్నాను. డబ్బా విప్పి కొత్త కీబోర్డు తగిలించాను. మిషన్ ఆపేసి మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాను. అంటే మెమరీలో పాతదేదీ మిగలదు. నల్ల కిటికీ తెరిచాను. ఈసారి ఖాళీగా ఉంది. హమ్మయ్య అనుకుని డిస్కుల పేర్లు తెప్పించి, వరుస మొత్తం కొట్టి, ఎంటర్ నొక్కాను. కియోగ్ అనే ఆదేశం లేదు.

కృపమ్మ గారు స్టూలు మీద కూర్చుని నన్నే చూస్తున్నారు. షాపులో మేమిద్దరమే. ఎండ పేలిపోతోంది, ఎదురింట్లో మగ్గం ఆడుతోంది. డిస్కు చప్పుడు అంతకంతకూ పెరుగుతోంది. అది ఇంకెంతసేపు బతుకుతుందో తెలియదు. విసుగొచ్చి కీబోర్డు తీగ వెనక నుంచి పీకేశాను.

తీగ నా చేతిలో ఉండగా తెర మీద కె పడింది. కాస్త ఆగి, ఇ. తర్వాత ఓ. ఒంటివేలితో వెతుక్కుని కొట్టేవాళ్లు కొట్టినంత నిదానంగా జి పడింది. భయమేసింది, దాచడం ఎందుకు.

ఆవిడకు ఏమీ చెప్పలేదు. ఫోనుతో తెరను ఫొటో తీసి శ్రీనుకు పంపాను. జుమ్మా నమాజుకు వేళయింది. "ఇప్పుడే వస్తానమ్మా, దేన్నీ ముట్టుకోకండి" అని చెప్పి మసీదుకు వెళ్లాను. ఆ రోజు నమాజులో నా మనసు మనసులో లేదు.

బయటికి రాగానే చూస్తే శ్రీను కాల్స్ పదకొండు ఉన్నాయి. ఎత్తగానే బూతులు అందుకున్నాడు.

"ఒరేయ్, కళ్లు దొబ్బినయ్యా నీకు? ఫొటోలో ఎ ఐదొందల జీబీ చూపిస్తంది గదరా! అది నీ ఖాళీది. రీస్టార్ట్ అయినప్పుడు పేర్లు తారుమారైనయ్. ఆ వరుస పారితే ఖాళీ డిస్కు తెచ్చి మాస్టారి దాని మీద పోసేవాడివి. ఒక్క అక్షరం మిగిలేది కాదు."

మసీదు మెట్ల మీదే ఆగి లెక్కపెట్టుకున్నాను. రెండుసార్లు నొక్కాను ఎంటర్. ఏ ఒక్కసారి పారినా అంతే.

"ఆ ముందున్న కియోగ్ ఏంట్రా? అదే నిన్ను కాపాడింది" అన్నాడు వాడు. తెలియదన్నాను.

తిరిగొచ్చి కీబోర్డు తగిలించాను. నాలుగు అక్షరాలూ చెరిపేసి, పేర్లు సరిచేసి, ఐదుసార్లు చూసుకుని కొట్టాను. ఈసారి ఏ అక్షరమూ ముందుకు రాలేదు. వరుస పారింది. సాయంత్రం ఆరింటి దాకా దిగుతూనే ఉంది. చివరికొచ్చేసరికి పాత డిస్కు పూర్తిగా మూగబోయింది, మళ్లీ లేవలేదు. శనివారం శ్రీను వచ్చి కొత్త డిస్కులో చెడిన భాగాలు సరిచేశాడు. సగం ఫైళ్లు పోయాయి. లిస్టు మాత్రం తెరుచుకుంది. లోపలేముందో మేం చదవలేదు. అది ఆ ఇంటి వాళ్ల ముందు చదవాల్సింది అనిపించింది.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక వాళ్లింటికి సీపీయూ తీసుకెళ్లాను. దారంతా కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, దగ్గు ఆగలేదు. మాస్టారి బల్ల మీద ఆయన కీబోర్డు ఉంది. తగిలించబోతూ ఆగిపోయాను. మీట మీటకూ క్యాలెండరు కాగితం ముక్క అంటించి, దాని మీద తెలుగు అక్షరం రాసుకున్నారు ఆయన, ముత్యాల్లాంటి చేతిరాతతో.

కె మీట మీద క. ఇ మీద దీర్ఘం. ఓ మీద ద. జి మీద కొమ్ము.

కాదు.

మాస్టారికి ఒక అలవాటుండేది. పేపర్లు దిద్దేటప్పుడు తప్పుకు ఇంటూ మార్కు పెట్టేవారు కాదు. పిల్లలు చిన్నబుచ్చుకుంటారని, పక్కన ఎర్ర సిరాతో 'కాదు' అని రాసేవారు. నా పేపర్లలో ఆ మాట ఎన్నిసార్లు ఉండేదో లెక్కలేదు. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఆయనకు భాష మార్చే మీట ఎప్పుడూ గుర్తుండేది కాదు. "ఒరే మస్తానూ, నేను తెలుగు కొడితే ఇంగ్లీషు పడతందేంట్రా" అని నెలకోసారైనా ఫోన్ చేసేవారు. నాకు తెలుగు టైపింగ్ రాదు. నా షాపులో ఏ కీబోర్డు మీదా తెలుగు అక్షరం లేదు. ఆ మీటల అమరిక నాకు ఆ రోజు దాకా తెలియదు.

"ఏమైంది నాయనా, లిస్టు పోయిందా?" అన్నారు కృపమ్మ గారు, గుమ్మం పట్టుకుని.

"లేదమ్మా, ఉంది" అన్నాను, కీబోర్డు తగిలిస్తూ.

లిస్టు తెరిచి పడమటి వరుస చదవడం మొదలుపెట్టాను. పేరు, ఎవరి తాలూకు, గోడ మూల నుంచి ఎన్ని అడుగులు. అంకమ్మ, పత్తిచేలో పాము కరిచి. చిన దావీదు. పేర్లు తెలియని ఇద్దరు కూలీలు. ఒక్కొక్క పేరుకూ ఆవిడ తలూపుతున్నారు. "మా బిడ్డకి పేరుండదు నాయనా. బాప్తిస్మం కాకముందే పోయింది. పాప అని రాసుంటాడు చూడు" అన్నారు.

పాప అని లేదు. గోడ మూల నుంచి ఇరవై రెండు అడుగులు, కంచె వైపు మూడు. తల్లి కృపమ్మ, తండ్రి దేవదానం. పేరు సువార్త.

ఆవిడ గుమ్మంలోనే కూర్చుండిపోయారు. నా వైపు తిరిగి అన్నారు, "అది మా అమ్మ పేరు. నేను ఆ పేరన్నా, ఆయన ఇంకోటన్నాడు. తొమ్మిది రోజులూ దాని మీదే పోట్లాట. తేలకముందే బిడ్డ పోయింది. ఆ తర్వాత మేం ఆ సంగతి ఎత్తలా."

సోమవారం పొద్దున్నే, పాస్టరు గారు ప్రార్థన చేశాక తవ్వారు. అడుగులు నేనే వేశాను. మాస్టారి అడుగు నా అడుగు కంటే పొట్టి అని గుర్తుంచుకుని, కాస్త తగ్గించి వేశాను. మూడడుగుల లోతున నల్లమట్టిలో గుప్పెడు కూడా లేని ఎముకలు, పిల్లల నల్లపూసలు నాలుగైదు దొరికాయి. కృపమ్మ గారు కొత్త తుండుగుడ్డ పరిచి పట్టుకున్నారు.

ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. శ్రీనుగాడు మెమరీ అంటాడు, పవర్ హెచ్చుతగ్గులంటాడు. విన్నాను. అదే సీడీతో, అదే మిషన్‌తో తర్వాత ఎన్నోసార్లు చేసి చూశాను. ఏమీ రాలేదు. దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ అనను. తీగ నా చేతిలో ఉండగా ఆ మాట ఎలా పడిందో కూడా చెప్పలేను. మంగళవారం పొక్లెయిన్ వచ్చేసరికి అక్కడ ఆ బిడ్డ లేదు, అంతే నాకు తెలిసింది.

ఆ సోమవారం కృపమ్మ గారు మూటను గుండెకు ఆనించుకుని దొడ్డి అవతలికి, మాస్టారి సమాధి వైపు నడుస్తూ, నలభై ఏళ్లలో మొదటిసారి బిడ్డను పేరు పెట్టి పిలిచారు.

"రా సువార్తా, మీ నాన్న పక్కకి పోదాం."