నూకలు లేని సంగటి

మా ఆయనకు సూదంటే భయం. చక్కెర, కొలెస్ట్రాల్ రెండూ ఎక్కువగానే ఉన్నాయని, మూడు నెలల్లో చక్కెర దిగకపోతే ఇన్సులిన్ తప్పదని డాక్టరు చెప్పిన రోజు నుంచి మా ఇంట్లో అన్నం బందయింది. మాత్రలతో పాటు రెండు పూటలా సంగటే. దాని పిండి బాధ్యత నేను నెత్తిన వేసుకున్నాను.

రాగులు, కొర్రలు, బార్లీ, ఉలవలు, గుప్పెడు మెంతులు, ఇంకో గుప్పెడు అవిసెగింజలు. అన్నీ దోరగా వేయించి, చిత్తూరులో మా వీధి చివరి పిండి మిషన్‌కు నేనే మోసుకుపోయేదాన్ని. నాకు ముందు ఎవరైనా బియ్యం ఆడించి ఉంటే ఊరుకునేదాన్ని కాదు. నావే రెండు గుప్పెళ్ళు ముందు పోయించి, ఆ పిండి పక్కన పారేయించి, తర్వాతే మిగతాది ఆడించనిచ్చేదాన్ని. బియ్యప్పిండి నలుసు కూడా కలవకూడదు. నన్ను చూస్తేనే మిషనతను నిట్టూర్చేవాడు.

మూడు నెలలకు పరీక్ష చేయిస్తే చక్కెర దిగనే లేదు. నాకు ఒళ్ళు మండింది. ఆయన రోజూ పనికి పోయేది పూతలపట్టుకు. అక్కడ కూడలిలో టీకొట్టు, వేడివేడి బోండాలు. ఇంకేం కావాలి? చొక్కా జేబులు వెతికాను, రుమాలు వాసన చూశాను. మీ నాయన దొంగతిండి తింటున్నాడని కూతురికి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆయన ఒక్క మాటే అన్నారు.

"యాడా తిన్లేదు. నమ్మితే నమ్ము."

నేను నమ్మలేదు.

ఇన్సులిన్ రాసేముందు, ఆసుపత్రిలో తిండి గురించి చెప్పే అమ్మాయిని కలవమన్నారు డాక్టరు. ఆ అమ్మాయికి నా పిండి సంగతంతా గొప్పగా చెప్పాను. సంగటి ఎలా చేస్తారని అడిగింది.

"ఎట్లా చేస్తారు, ఎసట్లో గ్లాసు నూకలేసి, ఉడికినాక పిండి పోసి గెలికేదే కదమ్మా."

ఆ అమ్మాయి రాయడం ఆపింది. "నూకలంటే బియ్యమే కదమ్మా?"

మా అమ్మ అలాగే చేసేది, నేనూ అంతే. సంగటిలో పడ్డాక నూకలు నా దృష్టిలో బియ్యం కానే కావు. పక్కన కూర్చున్న ఆయన గోడమీది క్యాలెండరు చూస్తూ ఉండిపోయారు. సంగతి విన్న డాక్టరు, నూకలు మానేసి ఇంకో నెల చూద్దామన్నారు.

ఆ సాయంత్రం నూకలు లేకుండా గెలికాను. చేతికి అలవాటు లేక జారుగా వచ్చింది, ముద్ద నిలవలేదు. ఆయన దాన్నే పులుసులో కలుపుకుని తిన్నారు. తప్పు నాదేనని చెప్పాలని నోరు తెరిచేలోపే ఆయన అన్నారు.

"రేపు పూతలపట్టులో టీ తాగతా. చక్కెర లేకుండానే. జేబులు ఎతకబాకు."

నవ్వుతూనే అన్నారు. నేను లేచి కూతురికి ఫోన్ చేశాను, మీ నాయన ఏ దొంగతిండీ తినలేదని చెప్పడానికి.