బాపు తప్పిన ఒక్క మాట

జమ్మికుంట మార్కెట్ వైపు వెళ్ళినప్పుడు కొత్త వడ్ల వాసన తగిలితే నాకు పొలాలు కాదు, మా లూథరన్ చర్చి గుర్తొస్తుంది. కోతల పండుగకు జనం వరి కంకులు, సొరకాయలు, అరిసెలు, కాళ్ళు కట్టిన కోళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడితే, ప్రసంగం మధ్యలో ఆ కోళ్ళు ఆమెన్ అన్నట్టు అరుస్తుంటే, ముందు వరుసలో పిల్లలం నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా సంఘానికి సహాయ పాస్టరు కావలసి వచ్చాడు. ఇంగ్లీషు, జర్మన్ రెండూ రావాలని షరతు. మిషన్ ఉత్తరాలన్నీ ఇంగ్లీషులో నడిచేవి. జర్మనీ నుంచి దిగిన కొత్త మిషనరీ దొరకు తెలుగు ముక్క రాదు. మిషన్ దవాఖానలో ముసలివాళ్ళైపోయిన ఇద్దరు జర్మన్ సిస్టర్లకు నేర్చుకున్న భాషలన్నీ జారిపోయి, పుట్టిన భాషే మిగిలింది. మా బాపు, అంటే మా నాన్న, ఆ చర్చిలో పాస్టరు కింద వాక్యం చెప్పే ఉపదేశి. మిషన్ బడిలో ఇంగ్లీషు చదువుకుని, సిస్టర్ల మధ్య మసలి జర్మన్‌ను చెవితోనే పట్టాడు. ఆ కొలువు తనకే రావాలని గంపెడాశ పెట్టుకున్నాడు. తప్పితే వేరే ఊరివాణ్ణి తెస్తారు.

పండుగ రోజే పరీక్ష. దొర జర్మన్‌లో చెబితే బాపు తెలుగు చెయ్యాలి. పొద్దున్నే అవ్వ, అంటే మా అమ్మ, ఆయన అంగీ గుండీలు పెడుతూ, “నిమ్మళంగ చెప్పు, ఫికర్ పడకు” అంది. దొర మొదటి మాటగా దేవుడు ‘జేర్’ మంచివాడన్నాడు. ‘జేర్’ అంటే వాళ్ళ భాషలో చాలా అని. కంగారులో బాపుకు అది మన మాటలాగే వినిపించింది.

“దేవుడు జర మంచోడు.”

మా వైపు జర అంటే కొంచెం! చర్చంతా గొల్లుమంది. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. దొర బిత్తరపోయి చూశాడు.

బాపు తల దించుకోలేదు. చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

“నేనే తప్పిన. వాళ్ళ జేర్ అంటే మన శాన. గీ యేడు వానలు జరనే పడ్డయి. అయినా గిన్ని వడ్లు ఇంటికొచ్చినయి. మన జరను దేవుడు శాన చేసిండు!”

నవ్వినవాళ్ళే ఆమెన్ అన్నారు. బాపు అదంతా జర్మన్‌లో దొరకు వివరిస్తే, ఆయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. “ఇగ ఎవ్వరిని వెతుకుడు లేదు” అని సంఘం పెద్ద అక్కడే తేల్చేశాడు. మా బాపు పాస్టరని వాడకట్టంతా చెప్పుకుంటూ తిరిగాను.

ఇప్పుడు ఆ దవాఖాన లేదు, ఆ కొలువూ లేదు. చివరి సిస్టర్ చనిపోయేనాటికి దొర కూడా వెళ్ళిపోయాడు. సమాధి దగ్గర బాపు జర్మన్‌లో ప్రార్థన చేశాడు. ఆ భాషను మా ఊరు వినడం అదే ఆఖరు. చుట్టూ ఉన్న మాలో ఒక్కరికీ అర్థం కాలేదు. అయినా బాపు దాన్ని తెలుగు చెయ్యలేదు. అది ఆమె కోసం చేసిన ప్రార్థన.