ఊక బూడిద, తెల్లని పోగు

మా బాటనీ మేడం పోయారని ఆమె కూతురు ఫోన్ చేసినప్పుడు నేను ప్రాక్టికల్ క్లాసు కోసం ఊక బూడిద కడుగుతున్నాను. తడి చేతులతోనే ఫోన్ ఎత్తాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు.

పెద్దపల్లి దగ్గరి డిగ్రీ కాలేజీలో ఆమె నాకు పాఠం చెప్పారు. తర్వాత అదే స్టాఫ్ రూములో పక్క కుర్చీ నాదైంది. ఈ రోజు నేను పాఠం చెప్పగలుగుతున్నానంటే ఆమె చలవే. డీఎన్ఏ శుద్ధి చేసే కిట్లు మా దాకా రావు. గిన్నెల సబ్బు, ఉప్పు, చల్లని స్పిరిట్, రైస్ మిల్లు నుంచి తెచ్చిన ఊక బూడిద, ఇవే ఆమె కిట్టు. ఉప్పు దండిగా ఉంటే డీఎన్ఏ బూడిదను పట్టుకుంటుంది. మురికిని స్పిరిట్‌తో కడిగేసి మంచినీళ్లు పోస్తే వదిలేస్తుంది. మొదటిసారి మేమంతా ఉప్పునీళ్లు భద్రంగా దాచుకుని బూడిదను సింకులో పారబోశాం. ఆమె తిట్టలేదు.

"పారబోసిన దాంట్లనే ఉన్నది బిడ్డా" అన్నారు.

ప్రతి బ్యాచూ అదే తప్పు చేసేది. ఆమె ఒక్కసారీ ముందుగా చెప్పేవారు కాదు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఏటా మొదటి క్లాసులో ఉప్పునీళ్లు పుక్కిలించి ఒక గొట్టంలో ఉమ్మేవారు. ఇంకో గొట్టంలో మెత్తగా పిసికిన అరటిపండు. రెండింట్లోనూ సబ్బు, ఆపైన స్పిరిట్. రెండింట్లోనూ డీఎన్ఏ తెల్లని పోగులా తేలేది. ఏది నేనో, ఏది అరటిపండో చెప్పుండ్రి అని నవ్వేవారు. మాలో ఎవరికీ తెలిసేది కాదు. అలాంటి పోగు ఒకటి చిన్న సీసాలో ఆమె బల్ల మీద ఏళ్లుగా ఉండేది.

మంథని దగ్గర గోదావరి ఒడ్డున, చితాభస్మం కలిపే రోజు, కూతురు ఆ సీసాను సంచిలోంచి తీసింది.

"అక్కా, గిది అమ్మదేనా? అయితే గిది గూడ గంగల కలపాల్నా?"

ఎండకు పెట్టి చూశాను. కాలిన బూడిదలో డీఎన్ఏ మిగలదని నాకు తెలుసు. ఈ సీసాలో మాత్రం మేడం ఉండొచ్చు, అరటిపండైనా ఉండొచ్చు. పరీక్షకు పంపితే తేలిపోతుంది, పంపుదామా అన్నాను.

"అరటిపండని వస్తే ఎట్లక్కా?" అంది.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

కూతురు సీసాను నా చేతిలో పెట్టి నీళ్లలోకి దిగింది. కుండ వంచింది. బూడిద జారుతుంటే, ఆపబోతున్నట్టు నా రెండో చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. నీళ్లు కాసేపు బూడిదరంగు తిరిగి, మళ్లీ తేటపడ్డాయి. గుప్పిట విప్పి చూస్తే, సీసాలో తెల్లని పోగు మెల్లగా తిరుగుతోంది.