మంచినీళ్లు అడిగే మనిషి

కొండలెక్కే ఖరీదైన సైకిళ్లు పోయాయని బీమాకు అర్జీ పెట్టుకున్నవాళ్ల ఇళ్లకు విచారణకని బీమా కంపెనీ సర్వేయరు ఒకాయన వెళ్తాడు. బక్కపలచని మనిషి, చంకలో ఫైలు. గుమ్మంలో బూట్లు రెండుసార్లు తుడుచుకుంటాడు. రసీదు చూస్తాడు, తాళంచెవులు రెండూ చూపించమంటాడు, ఆ తర్వాత దాహం లేకపోయినా మంచినీళ్లు అడుగుతాడు. నీళ్లు తెచ్చేది సాధారణంగా ఇంట్లో పెద్దవాళ్లే. అర్జీలో లేని మాట వాళ్ల నోటే బయటపడుతుందని ఆయనకు ఇరవై ఏళ్ల అనుభవం.

ఆ రోజు ఒకింట్లో కుర్రాడు తాళంచెవులు బల్లమీద పెట్టి, "మెట్ల కమ్మీకి తాళం వేసే పెట్టానండీ. తాళం కోసి పట్టుకుపోయారు," అన్నాడు. నీళ్లు తెచ్చిన నాయనమ్మ పక్కనే కూర్చుంది. "మావాడు ఎవర్నీ అనుమానించే రకం కాదు బాబూ. ఆ తాళం కొన్న రోజు నుంచీ నా మంచం కిందే పడుంది. తాళం వేస్తే ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అనేవాడు," అంది మురిసిపోతూ. కుర్రాడు తల వంచుకున్నాడు. తాళం వేయని సైకిలుకు బీమా రాదు. సర్వేయరు ఆవిడ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాడు.

ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "నేను చెప్పింది వాడికి పనికొస్తుందా నాయనా?" అని మెల్లగా అడిగింది.

"వస్తుందండీ," అన్నాడు, ఊడని బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంటూ.

ఇప్పుడు ఆయన చంకలో ఫైలుతో పాటు నీళ్ల సీసా కూడా ఉంటోంది. ఎవరైనా మంచినీళ్లు తేబోతే, ఉన్నాయండీ అని దాన్ని చూపిస్తాడు, ఖాళీగా ఉన్న రోజున కూడా.