కథకు ఏడ్చిన వాళ్ళు

మొన్న ఆదివారం తెల్లాపూర్‌లో మా అమ్మాయి వాళ్ళ ఫ్లాటుకు వెళ్ళేసరికి, ఇంటర్ చదివే మనవరాలు సోఫాలో ముడుచుకు కూర్చుని, ఫోనులో ఏదో పాత ప్రేమకథ చూస్తూ ముక్కు చీదుకుంటోంది. చివర్లో ఇద్దరూ చనిపోయే కథ, మన ఈడు వాళ్ళం కొంగులు తడుపుకున్న బాపతే. ఇన్ని కొత్తవి ఉండగా ఈ ఏడుపు కథ దేనికే అని నవ్వుతూ అడిగితే, “వాళ్ళు లాస్ట్ దాకా ఒకళ్ళనొకళ్ళు వదిలిపెట్టలే అమ్మమ్మా. మా కాలేజీల రెండు రోజులు మెసేజ్ రాకుంటే ఇగ అయిపోయినట్టే” అంది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఇప్పుడు అద్దాల ఆఫీసులు నిలబడ్డ మాదాపూర్ నా చిన్నతనంలో బండరాళ్ళ మధ్య చిన్న ఊరు. ఎండాకాలం మధ్యాహ్నాలు అమ్మా, చిన్నమ్మా, వాడకట్టు ఆడవాళ్ళూ మా అరుగు మీద చేరి చింతపండు గింజలు తీసేవారు. పదో తరగతి దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి వాళ్ళకు నవల చదివి వినిపించడం నా పని. అట్ట ఊడిపోయిన ఒక్క నవలనే ఎన్నిసార్లు చదివించుకున్నారో! అందులో ఒకతన్ని ప్రేమించిన పిల్లను తండ్రి మరొకరికి కట్టబెట్టబోతే ఆమె మంచం పట్టి పోతుంది, కబురు విని అతనూ పోతాడు. ఆ పేజీలు వచ్చేసరికి చింతపండు చేతుల్లోనే ఉండిపోయేది. అందరికంటే ఎక్కువ మా అమ్మే ఏడ్చేది. “గా తండ్రి చేతులు ఇరిగిపోను! పిల్ల మనసుల ఏమున్నదని ఒక్కలన్న అడిగిన్రా?” అని శాపనార్థాలు పెట్టేది.

ఆ మాట నేను నమ్మాను. నేను చేసిన తప్పల్లా అదే. పక్క వీధిలో కుట్టుమిషను పెట్టుకున్న అతనంటే నాకు ఇష్టం, అతనికీ నేనంటే ఇష్టం, మా కులాలు వేరు. ఒక మధ్యాహ్నం నవల ముగించి, అందరూ లేచి వెళ్ళాక, అమ్మ కళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి కదా, ఇంతకంటే మంచి సమయం దొరకదనుకుని అంతా చెప్పేశాను. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, “గది కథ బిడ్డా” అంది. అంతే.

సాయంత్రానికి నాన్నకు తెలిసింది, వారంలో కుట్టుమిషను ఊరు దాటింది, నెల తిరగకుండా నా పెళ్ళి అయిపోయింది. నవల విని ఏడ్చిన ఆడవాళ్ళే వచ్చి నాకు నలుగు పెట్టారు, పాటలు కూడా పాడారు. నాన్న మీద నాకు అంత కోపం లేదు, ఆయన ఏనాడూ మా అరుగు మీద కూర్చుని కన్నీళ్ళు పెట్టుకోలేదు. అమ్మనే క్షమించలేకపోయాను. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఆ పుస్తకం తెచ్చి చదవమనేది, తలనొప్పి అని తప్పించుకునేదాన్ని, ఆమె పోయేదాకా ఒక్క పేజీ చదివి వినిపించలేదు.

అయితే మనవరాలి మాట విన్నాక ఇంకొకటి తట్టి మనసు చివుక్కుమంది. పీటల మీద తలవంచుకు కూర్చున్నది నేనే కదా. ఎక్కడున్నాడో గానీ, అతని దృష్టిలో వదిలిపెట్టిన మనిషిని నేనే.

ఇప్పుడు చింతపండు ప్యాకెట్లలో వస్తోంది, అరుగులు లేవు, ఎవరి కథ వాళ్ళు చెవుల్లో పెట్టుకుని ఒంటరిగా ఏడుస్తున్నారు, పక్కవాళ్ళ కన్నీళ్ళు నమ్మి మోసపోయే అవకాశమైనా ఈ పిల్లలకు లేదులే అనుకుంటూ ఉండగా, మనవరాలు కళ్ళు తుడుచుకుని నా ఒళ్ళో తల పెట్టి, “నువ్వైతే వదిలిపెడుతుంటివా అమ్మమ్మా?” అని అడిగింది.

లేదన్నాను. నమ్మింది.